కప్పల్ని కుప్పలు పోసిందెవరు?

ముప్పై నాలుగేళ్లు పల్లెల్లో ఉపదేశిగా తిరిగి దిగిపోయాను. ఈ మధ్య మా మిషనువాళ్లు వచ్చి, కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లల కోసం నాలుగు మాటలు రాసిమ్మన్నారు. ఎంతమందికి బాప్తిస్మం ఇప్పించారో, ఎన్ని గుళ్లు కట్టించారో రాయండి అన్నారు. రాయను. అవి రాసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల పుస్తకాలు చెదపురుగులకు బాగానే పనికొస్తున్నాయి.

నేను రాసేది ఒక్క కథ గురించి. ఐగుప్తు రాజు ఫరో ముందు దేవుడు పది తెగుళ్లను సూచనలుగా పంపినా అతడి గుండె కరగని కథ. ఆ కథను నేను ఎలా చెప్పానో, అలా చెప్పినందువల్ల ఒక మనిషి ఎలా చచ్చిపోయాడో రాస్తాను. చదివి నన్ను తిట్టుకున్నా పరవాలేదు, ఆ పని నేను ఎప్పుడో మొదలుపెట్టాను.

*ఉపదేశి పని*

ఉపదేశి అంటే పాదిరి కాదు. పాదిరికి అంగీ ఉంటుంది, ఉపదేశికి గొడుగు ఉంటుంది. పాదిరి నెలకొకసారి వచ్చి ప్రార్థన చేసి పోతాడు. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ మనమే. పొద్దున పిల్లలకు అక్షరాలు, సాయంత్రం పెద్దలకు వాక్యం. మధ్యలో అర్జీలు రాయడం, మొగుడూ పెళ్లాల తగాదాలు తీర్చడం, చలిజ్వరానికి చేదుమాత్రలు పంచడం.

ఇవన్నీ వచ్చిన వారానికే తెలిసిపోతాయి. తెలియనిది ఒకటుంది. చదువు రాని చోట, చదివే మనిషి నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా వాక్యమైపోతుంది. "వాన వచ్చేటట్టుంది" అన్నా దేవుడు చెప్పించాడనుకుంటారు. నాకిది ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే వయసు కాదనుకోండి.

యుద్ధం నడుస్తున్న రోజులవి. బియ్యం దొరకడం గగనంగా ఉండేది. నన్ను చిత్తూరు నుంచి బంగారుపాళ్యం దాటించి, కొండ కింద ఒక పల్లెకు వేశారు. పల్లె పేరు వద్దు, ఆ మనుషుల మనవలు బతికే ఉన్నారు. ఆ ఊరూ, మామిడి తోటలూ, కొండ మీది తంగేడు పొదలూ అన్నీ ఒక మిట్టాదారువి. మిట్టాదారంటే చిన్న జమీందారే గానీ, పొగరులో పెద్ద జమీందార్లు ఆయన దగ్గర నేర్చుకోవాలి.

ఊరికి దూరంగా మావాళ్ల పేట. తోలుపని చేసేవాళ్లు. నేనూ అట్లాంటి పేటలోనే పుట్టాను, కాబట్టి ఆ వాసన నాకు కొత్త కాదు. ఊళ్లో గొడ్డు చస్తే ఈడ్చుకుపోవలసింది వాళ్లే. తోలు తీసి, తంగేడు చెక్కతో పదును చేసి, మిట్టాదారు ఇంటికి చెప్పులు కుట్టాలి. ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావులకు తోలు తొండాలు కుట్టాలి. అందుకు బదులుగా మాంసం పేటవాళ్లది. తాతల నాటి కట్టుబాటు.

*ఒక్క పూట అడిగితే*

పేటకు పెద్ద ఏసోబు. నలభై ఏళ్ల మనిషి, మాట తక్కువ. ఆ తక్కువంతా భార్య సుందరమ్మ పూడ్చేది. క్రైస్తవులై రెండేళ్లయినా పేటలో ఒక్కరికి కూడా ఆదివారం పొద్దున గుడికి, అంటే మా బడికే, వచ్చే వీలు లేదు. మిట్టాదారు పనికి ఆదివారం లేదు, సోమవారం లేదు. ఒక్క పూట సెలవు అడుగుదామని ఏసోబును వెంటబెట్టుకుని వెళ్లాను.

ఆయన అరుగు మీద కూర్చుని వక్కాకు నములుతున్నాడు. మేం వాకిట్లో ఎండలో నిలబడ్డాం.

"ఏమిరా ఉపదేశీ, ఏం కావల్నంట మీవోళ్లకు?"

"ఆదివారం పొద్దున ఒక్క పూట సామీ. దేవుని ఆరాధన చేసుకుంటారు. మధ్యాన్నానికి పన్లోకొస్తారు."

"దేవుడా? ఎవుడబ్బా ఆ దేవుడు? నాకు తెలీదే!" అని వక్కాకు ఉమ్మేశాడు. "పనికి ఎగనామం పెట్టేదానికి దేవుడొగ సాకు. సోమరి నాయాళ్లు. పని సాల్లేదు మీకు, అందుకే ఇట్లాంటివి తడతాండాయి."

మరునాడు మనిషితో కబురు పంపాడు. ఆయన కొండలో తంగేడు చెక్క కొట్టకూడదు. యాడ తెచ్చుకుంటారో తెచ్చుకోండి. చెప్పులూ తొండాలూ మాత్రం ఒక్కటి తగ్గినా ఊరుకునేది లేదు.

పేటవాళ్ల ముఖాలు మాడిపోయాయి. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒళ్లు పులకరించింది. ఎందుకంటే ఆ కథలో జరిగింది అచ్చం ఇదే. బానిసలుగా ఉన్న తన జనాన్ని అరణ్యంలోకి పోయి దేవుణ్ణి ఆరాధించుకోనిమ్మని మోషే అడుగుతాడు. ఆ దేవుడెవడో నాకు తెలియదంటాడు ఫరో. మీరు సోమరులు గనకే ఇట్లా అడుగుతున్నారంటాడు. ఇటుకలకు కావలసిన గడ్డి ఇవ్వడం మానేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదంటాడు. గడ్డికి బదులు తంగేడు చెక్క, అంతే తేడా. పేట ఆడవాళ్లు కోసెడు దూరం పోయి చెక్క మోసుకొస్తుంటే, నేను బడిలో కూర్చుని నాకొక ఫరో దొరికాడని సంబరపడ్డాను. థూ!

*పలక మీద గీతలు*

వారం రోజులు సాయంత్రాలు ఆ కథే చెప్పాను. నది నీళ్లు నెత్తురైనాయి అంటే నోళ్లు తెరుచుకుని విన్నారు. రాజు పడకలోకి, రొట్టెలు కాల్చే పొయ్యిలోకి కప్పలు దూరాయంటే పడిపడి నవ్వారు. కప్పలన్నీ చచ్చి, కుప్పలు పోస్తే దేశమంతా కంపు కొట్టిందని చెప్పాను. అప్పుడు వెనక నుంచి సుందరమ్మ లేచింది.

"అయ్యోరా, ఒగ మాట. ఆ సచ్చిన కప్పల్ని కుప్పలు పోసింది ఎవురు?"

"ఎవరో పోసింటార్లే సుందరమ్మా. అది రాయలేదు."

"రాజు పోసింటాడా?"

అందరూ గొల్లున నవ్వారు.

"రాజు పెండ్లాం పోసిందేమో" అన్నారెవరో.

"నవ్వొద్దండి. అది ముఖ్యం గాదమ్మా, దేవుని మహిమ ముఖ్యం. కూర్చో" అన్నాను.

కూర్చుంది. మూతి ముడుచుకుని కూర్చుంది. ఆ ప్రశ్న దగ్గర నేను ఆగి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం వచ్చేది కాదు.

ఆ వేసవిలో చెరువు అడుగంటి నీళ్లు ఎర్రగా తిరిగాయి. బడి గోడకు ఒక పలక తగిలించి దాని మీద ఒక గీత గీశాను. "ఇది మొదటి సూచన. మిట్టాదారు గుండె కరిగే దాకా దేవుడు వదలడు, చూస్తూ ఉండండి" అన్నాను. అకాల వాన కురిసి కప్పలు ఊరంతా ఎగిరితే రెండో గీత. పిల్లల తలల్లో పేలు పడితే దానికీ ఒక గీత, ఎందుకంటే మూడో తెగులు పేలు. ఆ తలలు మా పేట పిల్లలవేనన్న బుద్ధి కూడా లేకపోయింది నాకు. మామిడిపండ్ల కాలంలో ఈగలు ముసిరితే నాలుగో గీత. మామిడి కాలంలో ఈగలు రాకపోతే వింత గానీ, వస్తే వింతేమిటి? అయినా జనం నమ్మారు. రోజూ వచ్చి పలక చూసి పోయేవాళ్లు.

*పాదిరిగారి సలహా*

ఈ సంగతి చిత్తూరు చేరింది. నెలవారీ కూటానికి వెళ్లినప్పుడు మా పాదిరిగారు నన్ను పక్కకు పిలిచారు. మెత్తటి మనిషి. మెత్తటివాళ్లతో వచ్చే చిక్కేమిటంటే ఎక్కడ పట్టుకున్నా చేతికి ఎముక తగలదు.

"ఏమయ్యా రత్నం, మన బడి కట్టిన స్థలం ఎవరిది?"

"మిట్టాదారుదండి."

"మరి? మోషేను కొన్నాళ్లు మూసిపెట్టు. క్రీస్తు కొండమీది ప్రసంగం చెప్పు, సాత్వికులు ధన్యులని చెప్పు. ఎవరికీ బాధ ఉండదు."

"ఎవరికీ బాధ లేకుండా చెప్పేదానికైతే దేవుడెందుకండి, మనమే చాలు" అని గొడుగు తీసుకుని వచ్చేశాను.

ఈ మాట తర్వాత పదేళ్లు అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు నిజం చెబుతాను. ఆ కథ చెప్పడం ఆపమన్నందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. స్థలం పోతుందని భయపడి దేవుడి నోరు మూయించబోయాడు. కానీ "నువ్వు దాన్ని ఎలా చెబుతున్నావు?" అని ఒక్క మాట అడిగి ఉంటే నేను దొరికిపోయేవాణ్ణి. అడగలేదు. మన పైవాళ్లకు ఏం చెబుతున్నామన్నదే భయం. ఎలా చెబుతున్నామన్నది ఎవరికీ పట్టదు.

*దొమ్మ*

శ్రావణం వచ్చింది. మిట్టాదారు కపిల ఎద్దుల్లో ఒకటి పొద్దున కాడి కట్టబోతే నిలువునా పడి చచ్చింది. మధ్యాహ్నానికి ఇంకొకటి. ముక్కులో నుంచి, వెనక నుంచి నల్లటి నెత్తురు కారింది. బంగారుపాళ్యం నుంచి పశువుల కాంపౌండరు కాసిం సాహెబు సైకిలు మీద వచ్చాడు. చచ్చిన ఎద్దు చెవి దగ్గర సూదితో పొడిచి, ఒక నెత్తురు చుక్క అద్దం ముక్క మీద పట్టి, చేతులు మందునీళ్లతో మూడుసార్లు కడుక్కున్నాడు.

"సూడండప్పా, ఇది దొమ్మరోగం. తోలుకు కత్తి తగిలించొద్దు. లోతుగా గుంత తీసి, సున్నం పోసి, ఉండేది ఉన్నట్లే పూడ్సెయ్యండి. కోసినోనికి గూడా వస్తాది ఇది. తింటే ఇంగ అల్లానే కాపాడల్ల" అన్నాడు.

మిట్టాదారు ఎగిరిపడ్డాడు. "ఎద్దులూ పోయె, తోలు గూడా మన్నులో పెట్టల్నా? తొండాలన్నీ సినిగి నీళ్లు కారిపోతాండాయి. ఏసోబూ, ఈడ్సుకుపొయ్యి తోలు తియ్యండ్రా."

కాసిం సాహెబు ఇంకోసారి చెప్పి చూశాడు. విననివాడికి ఎన్నిసార్లు చెప్పినా ఒకటే. సైకిలెక్కి, ఆ అద్దం ముక్క పశువుల డాక్టరుకు చూపించడానికి వెళ్లిపోయాడు.

ఏసోబు నేరుగా పేటకు పోలేదు. బడికి వచ్చాడు. గడప బయట నిలబడి చెప్పిన మాటలు ఒక్కటి కూడా మరచిపోలేదు నేను.

"సాయిబు వద్దంటాడు, సామి తియ్యమంటాడు. నాకేం తెలుస్తాది అయ్యోరా? నువ్వు సదువుకున్నోడివి. నువ్వు వద్దంటే పేటలో ఒగడు గూడా కత్తి పట్టడు. సామి కొడితే కొట్నీలే."

చూశారా! కొడితే కొట్టనీ అన్నాడు. మనిషి సిద్ధంగా ఉన్నాడు. వద్దు అనే ఒక్క మాట చాలు. ఆ మాట కోసమే వచ్చాడు.

నేను పలక వైపు చూశాను. అయిదో తెగులు పశువుల చావు. చేతిలో సుద్దముక్క కూడా ఉంది.

"ఏసోబూ, ఆ రాజు గొడ్లన్నీ సచ్చినాయి గానీ దేవుని జనం మందలో ఒగటన్నా సచ్చిందా? సావలేదు గదా? ఇది సామి మీదికి వచ్చిన సూచన. మన మీదికి రాదు. భయం లేకుండా పో" అన్నాను.

"సరే అయ్యోరా" అని వెళ్లిపోయాడు.

నేను అయిదో గీత గీశాను.

ఎందుకన్నానో ఎన్నోసార్లు తరచి చూసుకున్నాను. పేటలో తిండి లేదు, మాంసం ఆశ ఉంది, అది నిజం. కానీ నా మనసులో ఉన్నది అది కాదు. కాసిం సాహెబు మాట విని వద్దంటే, అది దేవుడి సూచన కాదు, గొడ్డు రోగం అని ఒప్పుకున్నట్టవుతుంది. అప్పుడు పలక ఏమైపోవాలి? నా మాట ఏమైపోవాలి? ఇంతే. ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

మూడో రోజు ఏసోబు ముంజేతి మీద పొక్కు లేచింది. నొప్పి లేదన్నాడు. మధ్యలో బొగ్గులా నల్లబడింది, చుట్టూ చెయ్యంతా ఉబ్బింది. ఇంకో ముగ్గురికి కూడా లేచాయి, వాళ్లు ఎలాగో బతికారు. ఆరో తెగులు ఏమిటో మీకు తెలుసుగా? పుండ్లు. పుస్తకంలో అవి ఐగుప్తువాళ్లకు లేచాయి.

జ్వరం తలకెక్కాక ఏసోబును మంచం మీద మోసుకుని బంగారుపాళ్యం బయలుదేరాం. దారిలో ఒక మామిడితోట దగ్గర దించి, గుక్కెడు నీళ్లు పోశాను. కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టాడు.

"నాకెందుకు లేసినాది అయ్యోరా? నేను దేవుని జనం గాదా?"

ఇంకో గుక్కెడు నీళ్లు పోసి మంచం ఎత్తించాను. బంగారుపాళ్యం పొలిమేరకు చేరకముందే ప్రాణం పోయింది.

*మిట్టాదారు చెప్పిన నిజం*

పూడ్చిపెట్టి నేరుగా మిట్టాదారు ఇంటికి పోయాను. ఈసారి ఎండలో నిలబడలేదు, అరుగు ఎక్కాను. ఊరంతా వినేలా అరిచాను.

"నీది గుండెనా, బండనా? సాహెబు అంత చెప్పినా వినకుండా ఒక మనిషిని తినేస్తివే!"

కొడతారనుకున్నాను. ఆయన లేవను కూడా లేదు.

"నేను తియ్యమనింది నిజమే. కాదన్లేదు" అన్నాడు. "కానీ వాడు నా మాట మింద పోలేదు గదరా. నిన్ను అడిగేదానికి బడికాడికి వచ్చినాడంట. ఏం సెప్పి పంపిస్తివి వానికి?"

నేను అరుగు దిగిపోయాను. ఆ మనిషి దుర్మార్గుడు, చచ్చేదాకా దుర్మార్గుడే. అయినా ఆ రోజు ఆ అరుగు మీద నిజం చెప్పింది ఆయన ఒక్కడే.

బడికి వచ్చేసరికి సుందరమ్మ పలక ముందు నిలబడి ఉంది. ఏడవడం లేదు.

"దీంట్లో మా ఇంటాయన ఎన్నో గీత అయ్యోరా?"

పలక తీసి నేలకేసి కొట్టాను. పెంకుల వైపు కూడా చూడలేదామె. "పగలగొడితే లేసొస్తాడా?" అని వెళ్లిపోయింది.

*ఎత్తేదెవరు?*

వారానికి మిట్టాదారు ఇంట్లో ఇంకో ఎద్దు చచ్చింది. కబురు వచ్చింది. ఎవరూ కదల్లేదు. రెండోసారి ఆయనే పేట మొగదలకు వచ్చాడు. అక్కడ సుందరమ్మ, వెనక ఆడవాళ్లూ నిలబడి ఉన్నారు. సుందరమ్మ ముందు ఒక గంప.

"తోలు కత్తులన్నీ ఈ గంపలో ఉండాయి సామీ. కావల్సినోళ్లు తీసుకోండి. మేం మాత్రం రాం."

"ఊళ్లో నుంచి తరిమేస్తా ఒక్కొక్కర్ని!"

"తరుము సామీ. మేం పోతే రేపు సచ్చేదాన్ని ఎవురు ఎత్తుతారు?"

నేను అక్కడే ఉన్నాను. మాట్లాడే హక్కు నాకెక్కడిది?

రెండు రోజులు ఆ ఎద్దు మిట్టాదారు కొట్టంలోనే ఉంది. శ్రావణమాసపు ఉక్క. కంపుకు ఇంట్లో అన్నం సహించక ఆడవాళ్లు పుట్టిళ్లకు పోయారు. మూడో రోజు కాసిం సాహెబు సున్నం బస్తాలతో వచ్చి దగ్గర నిలబడితే, మిట్టాదారు కొడుకులిద్దరూ ముక్కులకు గుడ్డలు కట్టుకుని గుంత తవ్వారు. తాడు వేసి లాగారు. పేటవాళ్లు దూరం నుంచి చూశారు. ఎవరూ నవ్వలేదు.

సుందరమ్మ నా పక్కకు వచ్చింది.

"ఇప్పుడు తెల్సినాదా అయ్యోరా? ఆ కప్పల్ని ఎత్తింది మనట్లాటోళ్లే. అందుకే రాయలా."

ఆ ఆదివారం పొద్దున పేటంతా గుడికి వచ్చింది. సెలవు ఎవరూ అడగలేదు. మిట్టాదారు మనిషిని పంపలేదు. ఆయన గుండె కరిగిందని మాత్రం రాయకండి, మీకు పుణ్యం ఉంటుంది. తంగేడు చెక్క మీద ఆంక్ష ఆయన పోయేదాకా అట్లాగే ఉంది. ఎత్తేవాళ్లు ఎత్తబోమన్నారు కాబట్టి నోరు మూసుకున్నాడు, అంతే.

కొత్తగా వచ్చే పిల్లలారా, ఈ కథ చెప్పండి. స్థలం పోతుందని మానకండి. కానీ ఎదురుగా ఉన్న ఎవడినో చూపించి వాడే ఫరో అని వేలెత్తే ముందు, మీ చేతిలో సుద్దముక్క ఉందేమో చూసుకోండి. రోగాన్ని రోగమని చెప్పేవాడు ఏ మతంవాడైనా వాడి మాట వినండి. వద్దు అనవలసిన చోట వద్దనండి.

ఆ పల్లెలో ఇంకో తొమ్మిదేళ్లు ఉన్నాను. వేరే ఊరికి పంపించెయ్యమని ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరు పాదిరులను అడిగినా, సుందరమ్మ పోనివ్వలేదు. "ఈడ్నే ఉండి సెప్పల్ల" అనేది. ఏడాదికొకసారి ఆ కథ వచ్చేది. రాజు గుండె మళ్లీ గట్టిపడింది అని చదవగానే పేటంతా మిట్టాదారు ఇంటివైపు చూసేది. మొదటి వరసలో కూర్చున్న సుందరమ్మ మాత్రం నన్నే చూసేది.